తొలి గుడ్డ, తుది గుడ్డ

ఛత్తీస్‌గఢ్‌లో శవంపై కప్పే వస్త్రానికి బదులు డబ్బు ఇవ్వమంటున్నాయి కొన్ని కుల సంఘాలు. లెక్క సబబే. మరి లోటు ఎవరికి?

రాయ్‌పూర్‌: నగరంలోని పండ్రి బట్టల మార్కెట్‌ అంటే పెళ్లి కొనుగోళ్లే గుర్తొస్తాయి. కానీ చావు కబురు అంది వచ్చేవారికీ బట్ట కావాలి. రంగు నిలుస్తుందా, ఎన్నాళ్లు మన్నుతుందా అన్న ప్రశ్నే వారికి ఉండదు. అవసరం కొన్ని గంటలదే.

ఛత్తీస్‌గఢ్‌ పల్లెల్లో ఆఖరిచూపుకు వెళ్లే బంధువులు వట్టి చేతులతో వెళ్లరు. తలా ఒక గుడ్డ తెచ్చి శవంపై కప్పుతారు. బంధుబలగం పెద్దదైతే గుడ్డలు గుట్ట పడతాయి. చివరికి అవి చితిలో కాలడమో, శ్మశానంలో నేలపాలవడమో తప్పదు. అందుకే కొన్ని కుల సంఘాలు సంస్కరణకు దిగాయి. గుడ్డకు పెట్టే సొమ్మును ఆ కుటుంబం చేతిలోనే పెట్టాలన్నది వాటి మాట. కర్మకాండల కోసం అప్పు చేసే ఇంటికి అది ఊరటే.

అయితే ఈ ఆచారంలో గుడ్డ ఒక్కటే లేదు, వరస కూడా ఉంది. పురిటి బిడ్డను తెలుగు ఇళ్లలో మొదట చుట్టేది అమ్మమ్మదో నాయనమ్మదో పాత చీరలో. అది మెత్తగా ఉంటుంది, పైగా కట్టినవారి ఆయుష్షు బిడ్డకు వస్తుందని నమ్మకం. పోయినప్పుడు మాత్రం ఎవరూ కట్టని కొత్త బట్ట కావాలి. ముత్తయిదువ పోతే ఆఖరి చీర పుట్టింటి నుంచే రావాలంటారు.

ముస్లింలు పురుషుడికి మూడు, స్త్రీకి ఐదు కుట్టని తెల్లని వస్త్రాలు చుడతారు. ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో బతక్‌ తెగవారు తొలిచూలు కూతురికి పుట్టింటి నుంచి 'ఉలోస్‌' అనే నేతవస్త్రం ఇస్తారు. మనిషి పోయినప్పుడు కప్పేదీ ఉలోసే.

బస్తర్‌లోనూ, దాన్ని ఆనుకున్న ఒడిశాలోని కోట్‌పాడ్‌లోనూ ఇలాంటి గుడ్డ నేసేది పనికా నేతగాళ్లు. ఆల్‌ చెట్టు వేళ్ల బెరడుతో నూలుకు ఎర్రరంగు అద్ది వారు నేసే బట్టలే ఆదివాసుల పెళ్లికీ, చావుకూ అక్కరకొచ్చేవి. కోట్‌పాడ్‌ నేతకు 2005లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అక్కడి నేతకారుడు గోవర్ధన్‌ పనికాకు 2018లో పద్మశ్రీ వచ్చింది. కానీ వేళ్లు తవ్వి, ఆముదం, పేడ, బూడిదలతో నూలును రోజుల తరబడి పదును చేసే ఆ పనికి తగ్గ ధర మరమగ్గం గుడ్డ ముందు నిలవదు.

పనికాల్లో చాలామంది కబీర్‌పంథీలు. కబీరూ నేతగాడే. ఆయన పోయాక శవం కోసం హిందువులు, ముస్లింలు పోట్లాడుకున్నారనీ, గుడ్డ తీసి చూస్తే పూలే మిగిలాయనీ ఐతిహ్యం.

సంఘాల లెక్కను కాదనలేం. ముప్ఫై మిల్లు గుడ్డలు తగలేయడం దండగే. కానీ నోటు చూసి ఇది మేనమామ పెట్టింది, ఇది పుట్టింటిది అని చెప్పలేం. బంధువులంతా డబ్బిచ్చి, దగ్గరివాళ్లు ఒక్క నేతగుడ్డ కప్పితే ఆ ఇంటికి అప్పు తగ్గుతుంది, నేతగాడికి పని దొరుకుతుంది, వరసా నిలుస్తుంది.