ఆ జల ఏనాటిది?

ఆళ్లగడ్డ పక్క రైతులు నేను కనబడితే అడిగేది ఒక్కటే: "సార్, ఎన్నడుగుల్లో జల పడుతుంది?" భూగర్భశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైన నా దగ్గరున్నది ఎదురు ప్రశ్న: "పడిన జల మళ్లీ ఊరేదేనా?" దానికి జవాబు నీళ్లలోనే దొరుకుతుంది.

నీటి అణువుల్లో కొన్నింటికి బరువెక్కువ; వాటిలో ఆక్సిజన్-18 ఉంటుంది. ఎండకు తేలికవి ముందు ఆవిరవుతాయి, బరువువి మిగిలిపోతాయి. అందుకే శ్రీశైలం, వెలుగోడు జలాశయాల్లో ఎండకు కాగి తెలుగుగంగ కాలువలో వచ్చే నీటిది ఒక ముద్ర, నల్లమల మీద కురిసి నేరుగా ఇంకిన వానది ఇంకో ముద్ర. బోరు నీళ్లు ఏ దారిన వచ్చాయో దీన్నిబట్టి చెప్పొచ్చు.

మా దగ్గర ఈ ప్రశ్నకు విలువుంది. ఇక్కడి రాతి పొరలకు మా ఊళ్ల పేర్లే పెట్టారు: పైన నంద్యాల షేల్, కింద కోయిలకుంట్ల సున్నపురాయి. బిగుతైన షేల్ నీటిని సులువుగా దిగనివ్వదు. కింది రాయిలో దొరికే నీరు ఎక్కడో దూరాన, ఆ రాయి పైకి తేలిన చోట ఇంకినదై ఉండొచ్చు.

వయసు చెప్పేవి వేరే ఉన్నాయి. రేడియోధార్మిక హైడ్రోజన్ అయిన ట్రీషియం 12.3 ఏళ్లకోసారి సగమవుతుంది. అది కనబడితే నీరు ఈ మధ్య దశాబ్దాలదే. నీట్లో కరిగి ఉండే రేడియోధార్మిక కార్బన్-14 సగమవడానికి 5,730 ఏళ్లు పడుతుంది. దీనికి పాత పద్ధతిలో పీపాల కొద్దీ నీరు పట్టి బేరియం ఉప్పు కలుపుతారు. అడుక్కి దిగే తెల్లటి మడ్డే ల్యాబుకు వెళుతుంది. సున్నపురాయి ఇక్కడో మెలిక పెడుతుంది. కోట్ల ఏళ్ల ఆ రాతిలో కార్బన్-14 మిగల్లేదు. ఆ రాయి నీట్లో కరిగితే వయసు ఎక్కువ చూపిస్తుంది. ఆ మేరకు లెక్క సరిచేయాలి.

హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు సుఖీజా, రెడ్డి, నాగభూషణం ఇలాంటి పరీక్షలతోనే దక్షిణాదిలో పొరల మధ్య బందీగా ఉన్న లోతు నీళ్లలో గత 30 వేల ఏళ్ల వాతావరణం జాడలు పట్టి 1998లో ప్రచురించారు. సముద్ర తీరాన బోరు ఉప్పుబారితే ప్రశ్న ఇంకోటి: సముద్రం ఇప్పుడు చొచ్చుకొస్తోందా, ఏనాడో చిక్కుకున్న ఉప్పునీరు పైకొస్తోందా? ఆక్సిజన్-18, కార్బన్-14 కలిపి చూస్తే దాన్నీ తేల్చవచ్చు.

వేల ఏళ్లదని తేలిన నీటిని వరి మళ్లకు తోడడం దండగ. దాన్ని తాగునీటికి అట్టిపెట్టి, ఏటా ఊరే పైనీటితో ఏ పంట పండుతుందో అది వేసుకోవాలి. బోరు మరో వందడుగులు దించే ముందు అయ్యే ఖర్చులో కొంత ఈ పరీక్షకు పెట్టమనే నేను చెబుతాను.