కొత్త ల్యాప్‌టాపు, పాత సామాను

2025 అక్టోబరు 14వ తేదీన మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 10కి ఇచ్చే మద్దతును ముగించింది. కోరుకున్న గృహస్థులకు 2026 అక్టోబరు వరకు భద్రతా సవరణలు పొడిగిస్తామని ప్రకటించింది కాని, అది గడువే తప్ప పరిష్కారం కాదు. విండోస్ 11 నడవాలంటే టి.పి.ఎం. 2.0 అనే భద్రతా విభాగం ఉండాలి. ఇంటెల్ ప్రాసెసరు అయితే దాదాపుగా ఎనిమిదవ తరానిదో, ఆ తరువాతిదో కావాలి. అంటే 2016 ప్రాంతంలో కొన్న యంత్రం ఎంత చక్కగా పనిచేస్తున్నా దానికి అర్హత లేదు. అటు యాపిల్ సంస్థ కూడా 2025 జూన్‌లో, ఇంటెల్ ప్రాసెసర్లు గల మేకింటాష్‌లకు మేక్ ఓ.ఎస్. 26 చివరి కూర్పు అని ప్రకటించింది. ఈ రెండు ప్రకటనల వల్ల మనలో చాలామంది ఇంచుమించు ఒకేసారి కొత్త ల్యాప్‌టాపు కొనవలసిన స్థితికి వచ్చాము. ఎలాగూ కొంటున్నాం కదా, ఇన్నాళ్ళూ వాడిన విండోస్ వదలి మేకింటాష్‌కు మారుదామా, లేక మేకింటాష్ వదలి విండోస్‌కు వద్దామా అన్న ప్రశ్న సహజంగానే పుడుతుంది. కాలేజీకి వెళ్ళే అమ్మాయి ఒక మాట అంటుంది, ఆఫీసులో స్నేహితుడు మరొక మాట అంటాడు, దుకాణంలో కుర్రవాడు మూడవ మాట అంటాడు. ఏ యంత్రం గొప్పదో తేల్చడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. మారినప్పుడు లోపల ఏమి మారుతుందో, మనతో పాటు ఏది రాదో వివరించడానికి మాత్రమే ప్రయత్నిస్తాను.

కంప్యూటరు పరిభాషలో ప్రాసెసరు, దాని మీద నడిచే ఆపరేటింగ్ సిస్టం, ఈ రెండూ కలిసి ఒక ప్లాట్‌ఫారం. మనకు ప్లాట్‌ఫారం అనగానే విజయవాడ స్టేషను గుర్తుకు వస్తుంది. ఆ పోలిక అసంబద్ధమేమీ కాదు. ఒక ప్లాట్‌ఫారం నుంచి మరొక దానికి వెళ్ళడానికి మనిషి మెట్లెక్కి దిగడం ఎంతసేపు? కష్టమంతా సామానుతోనే. ఏ రైలు మంచిదని వాదించుకునేవారు సామాను సంగతి మరచిపోతారు.

ముందుగా ప్రాసెసరు సంగతి చూద్దాం. ప్రతి ప్రాసెసరుకూ తనదైన ఆదేశాల భాష ఒకటి ఉంటుంది. 1978లో వచ్చిన ఇంటెల్ 8086 నుంచి పెరుగుతూ వచ్చిన భాషను ఎక్స్86 అంటారు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఏకార్న్ అనే సంస్థ 1985లో మొదటి చిప్పు చేసిన కుటుంబం భాషను ఆర్మ్ అంటారు. మన జేబుల్లోని ఫోన్లన్నీ దాదాపుగా ఆర్మ్ భాషవే. యాపిల్ సంస్థ తన మేకింటాష్‌లకు 1984లో మోటరోలా చిప్పు వాడి, 1994లో పవర్‌పీసీకి, 2006లో ఇంటెల్‌కు, 2020లో ఎం1 పేరుతో ఆర్మ్ కుటుంబానికి మారింది. ఎక్స్86 కోసం తయారైన ప్రోగ్రామును ఆర్మ్ యంత్రంలో పెట్టడం, తెలుగులో రాసిన వంట విధానాన్ని తమిళం మాత్రమే వచ్చిన వంటవాడి చేతికి ఇచ్చినట్లు ఉంటుంది. పక్కన ఒక దుబాసీ కావాలి. యాపిల్ వారి దుబాసీ పేరు రోసెట్టా. ప్రోగ్రామును మొదటిసారి తెరిచినప్పుడే చాలావరకు అనువదించి దాచుకుంటుంది కనుక వేగం పెద్దగా తగ్గదు. అయితే దుబాసీ ఉద్యోగం శాశ్వతం కాదు. 2006 నాటి మొదటి రోసెట్టాను 2011లో తొలగించారు. ఇప్పటి రోసెట్టా మేక్ ఓ.ఎస్. 27 వరకు పూర్తిగా ఉంటుందని, ఆ తరువాత కొన్ని పాత ఆటల అవసరాలకు మాత్రమే మిగులుతుందని ఆ సంస్థే చెప్పింది.

భాష ఒకటే అయినంత మాత్రాన కూడా పని జరగదు. 2006 నుంచి 2020 దాకా మేకింటాష్‌లోనూ విండోస్ యంత్రంలోనూ ఉన్నది ఒకే ఇంటెల్ భాష. అయినా ఒకదాని ప్రోగ్రాము రెండవదానిలో నేరుగా నడవలేదు. ఎందుకంటే ప్రోగ్రాము ప్రతి చిన్న పనికీ ఆపరేటింగ్ సిస్టంను అడుగుతూ ఉంటుంది: కిటికీ తెరువు, ఫైలు ఇవ్వు, అచ్చు వెయ్యి అని. వంటవాడికి భాష తెలిసినా, విధానంలో చెప్పిన రోలూ రోకలీ ఆ వంటింట్లో లేకపోతే ఏం చేస్తాడు?

ఇక్కడ మరొక సంగతి గమనించాలి. 2024 నుంచి స్నాప్‌డ్రాగన్ ఎక్స్ ప్రాసెసరుతో విండోస్ ల్యాప్‌టాపులు అంగట్లో ఉన్నాయి. అవి చూడడానికి విండోసే, లోపల మాత్రం ఆర్మ్. వాటిలోనూ మామూలు ప్రోగ్రాములకు దుబాసీ ఉంది. కాని ప్రింటరు, స్కానరు వంటి పరికరాలను నడిపే డ్రైవర్లకు ఆ దుబాసీ పనికిరాదు. వాటిని ఆర్మ్ కోసమే తయారు చేసి ఉండాలి. కాబట్టి విండోస్ నుంచి విండోస్‌కే వెళుతున్నాననుకుంటూ, తెలియకుండానే ప్లాట్‌ఫారం మారే అవకాశం ఉంది. కొనేముందు ప్రాసెసరు పేరు చదవడం మరువరాదు.

నేను వృత్తిరీత్యా రసాయన శాస్త్ర పరిశోధకుణ్ణి కనుక ఈ సమస్య నాకు మా శాస్త్రంలోని ఒక పాత పాఠంలాగే కనిపిస్తుంది. ఒక చర్య జరగాలంటే రెండు విషయాలు చూడాలి. మొదటి స్థితికీ చివరి స్థితికీ మధ్య శక్తిలో తేడా ఎంత అన్నది ఒకటి. దారిలో ఎక్కవలసిన గుట్ట ఎంత ఎత్తు అన్నది రెండవది. దీనినే ఉత్తేజన శక్తి అంటారు. మామూలు వాతావరణ పీడనం వద్ద వజ్రం కంటె గ్రాఫైటుకే స్థిరత్వం ఎక్కువ. అయినా మన ఇల్లాళ్ళ వజ్రాల ముక్కుపుడకలు పెన్సిలు ములుకులుగా మారిపోవడం లేదు, గుట్ట అంత ఎత్తైనది కాబట్టి. ప్రకటనలు ఇచ్చేవారు ఎంతసేపూ మొదటి, చివరి స్థితుల తేడాను గురించే చెబుతారు: తెర బాగుంటుంది, బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది, బరువు తక్కువ అని. అవి నిజాలే కావచ్చు. గుట్ట ఎత్తు మాత్రం ఇంటింటికీ వేరు. దానిని కొలవవలసింది మనమే.

గుట్టను తగ్గించే ఉత్ప్రేరకాలు ఈ రోజుల్లో చాలానే వచ్చాయి. బ్యాంకు, పన్నులు, పిల్లల బడి పనులు, ఉత్తరాలు అన్నీ బ్రౌజరులోనే జరిగిపోతున్నాయి. వర్డు, ఎక్సెల్ రెండుచోట్లా ఉన్నాయి. మీ ఇంట్లో కంప్యూటరుతో జరిగే పని ఇంతే అయితే గుట్ట లేనట్టే. ధర చూసుకుని నచ్చినది కొనుక్కోవచ్చు.

కొన్ని ప్రోగ్రాములు మాత్రం రావు. మైక్రోసాఫ్ట్ యాక్సెస్, పబ్లిషర్ మేకింటాష్‌కు లేవు. మన సంఘాల సభ్యుల జాబితాలు యాక్సెస్‌లోనూ, ఉగాది ఆహ్వాన పత్రాలు పబ్లిషర్‌లోనూ ఉన్న సందర్భాలు తక్కువ కాదు. (పబ్లిషర్‌ను 2026 అక్టోబరుతో నిలిపివేస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది కనుక ఆ ఫైళ్ళ సంగతి ప్లాట్‌ఫారం మారనివారు కూడా చూసుకోవాలి.) యాక్టివ్ఎక్స్ బొత్తాలు పెట్టి తయారుచేసిన ఎక్సెల్ పట్టికలు మేకింటాష్‌లో తెరుచుకున్నా ఆ బొత్తాలు పనిచేయవు. మెకానికల్ ఇంజనీరింగు చదివే అబ్బాయికి సాలిడ్‌వర్క్స్ కావాలంటే విండోస్ యంత్రమే తగినది. ఐఫోను ప్రోగ్రాములు రాయాలనే అమ్మాయికి ఎక్స్‌కోడ్ కావాలి. అది మేకింటాష్‌లో తప్ప దొరకదు. మా రంగంలో ఇదొక విచిత్రం: అణు నిర్మాణాలు గీసే కెమ్‌డ్రా 1985లో పుట్టింది మేకింటాష్ మీద. కాని ప్రయోగశాలలోని పరికరాలను నడిపే ప్రోగ్రాములు చాలావరకు విండోస్‌వే. కొత్త మేకింటాష్‌లో వర్చువల్ మెషీను పెట్టి దానిలో విండోస్ నడపవచ్చు, కాని అది ఆర్మ్ విండోస్. అంటే దుబాసీకి తోడు మరొక దుబాసీ. నెలకొకసారి ఒక పాత ప్రోగ్రాము తెరవడానికి ఫరవాలేదు. ప్రతి రోజూ దానితోనే పని అయితే మారవద్దనే చెబుతాను.

ఫొటోలు, పాటలు, పి.డి.ఎఫ్. ఫైళ్ళు ఎక్కడైనా తెరుచుకుంటాయి. వాటిని మోసుకెళ్ళే డిస్కుతోనే చిన్న చిక్కు. విండోస్ వాడే ఎన్.టి.ఎఫ్.ఎస్. డిస్కును మేకింటాష్ చదవగలదు కాని, తనంతట తాను దాని మీద రాయలేదు. మేకింటాష్ వాడే ఏ.పి.ఎఫ్.ఎస్. డిస్కును విండోస్ చదవనైనా చదవలేదు. ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన డిస్కు రెంటికీ సరిపడుతుంది. ఫార్మాట్ చేస్తే డిస్కులో ఉన్నదంతా పోతుంది కనుక ఖాళీ డిస్కు కొని మొదలుపెట్టాలి.

ఇంతవరకు చెప్పినవి ఇంగ్లీషు పత్రికలలో కూడా దొరికే సంగతులు. మనకు ప్రత్యేకమైన సామాను వేరే ఉంది. అది తెలుగు.

కంప్యూటరు అక్షరాలను దాచుకోదు, సంఖ్యలను దాచుకుంటుంది. 1990లలో తెలుగుకు అందరూ వాడే సంఖ్యలు ఇంకా ఆచరణలోకి రాలేదు. అందుకని ఫాంట్లు చేసినవారు ఒక ఉపాయం పన్నారు. ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన 256 స్థానాలలోనే మన తలకట్లు, గుడులు, కొమ్ములు, ఒత్తులు ముక్కలు ముక్కలుగా అమర్చారు. ఒకరు తలకట్టు పెట్టిన చోట మరొకరు దీర్ఘం పెట్టారు. ఆ ఫైలులో నిజానికి ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల సంఖ్యలే. వాటికి తెలుగు వేషం వేసేది ఫాంటు. అను ఫాంట్లతో పేజ్‌మేకరులో కూర్చిన పుస్తకాలన్నీ ఈ తరహావే. ఇటువంటి సంచికలు కూడా ఎన్నో అలాగే తయారయ్యాయి. ఫాంటు లేని యంత్రంలో ఆ ఫైలు తెరిస్తే కనిపించేది అర్థం పర్థం లేని రోమను గుర్తుల గుంపు.

మా మామగారు పదవీ విరమణ చేసిన తరువాత గుంటూరు జిల్లాలోని తమ ఊరి ముచ్చట్లు రెండు వందల పేజీలకు పైగా టైపు చేశారు. వాడినది అప్పట్లో దొరికిన ఒక ఫాంటు. ఆయన పోయిన తరువాత ఆ ఫైళ్ళను కొత్త ల్యాప్‌టాపులోకి ఎక్కిస్తే ఒక్క ముక్క చదవడానికి రాలేదు. మూలనున్న పాత యంత్రం ఇంకా ప్రాణంతో ఉండబట్టి బతికాము. దానిలోనే ఒక్కొక్క అధ్యాయాన్నీ పి.డి.ఎఫ్. చేశాము, ఆ ఫాంటు ఫైలును కూడా తీసి దాచాము. తరువాత ఒక పరివర్తన ప్రోగ్రాముతో యూనికోడ్‌లోకి మార్చాము. ఒత్తులు, రావడి అటూ ఇటూ అయిన చోట్లు దిద్దడానికి నా భార్యకు ఒక చలికాలం పట్టింది. చెరువుగట్టు మీది పోలేరమ్మ గుడిని గురించిన అధ్యాయం మా పిల్లలు చదివారు. నన్నడిగితే ఏ ప్రాసెసరు వేగమూ ఆ ఒక్క అధ్యాయానికి సాటి రాదు.

యూనికోడ్ మొదటి కూర్పు 1991లో వచ్చింది. దానిలో తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. క అంటే ఎక్కడైనా 3093వ సంఖ్యే. జ్ఞ అనే సంయుక్తాక్షరాన్ని జ, పొల్లు, ఞ అని 3100, 3149, 3102గా దాచుకుంటారు. వీటిని కలిపి ఒక అక్షరంగా గీసే బాధ్యత ఆపరేటింగ్ సిస్టంది. అందుచేత యూనికోడ్‌లో ఉన్న రచన ప్లాట్‌ఫారం మారినా చెడదు, చూపులో మాత్రం తేడా వస్తుంది. విండోస్ ఎక్స్‌పీ నాటి నుంచి ఉన్న గౌతమి ఫాంటు మేకింటాష్‌లో ఉండదు. అక్కడ కోహినూర్ తెలుగు ఉంటుంది. వాక్యాలు అవే, పేజీలు మాత్రం వేరే చోట విరుగుతాయి.

గీసే పని తేలిక కాదనడానికి ఒక ఉదాహరణ ఉంది. 2018 ఫిబ్రవరిలో, జ్ఞ తరువాత కంటికి కనిపించని ఒక విభాజక చిహ్నమూ ఆపై దీర్ఘమూ ఉన్న అక్షరం సందేశంలో వస్తే ఐఫోన్లు, మేకింటాష్‌లలోని ప్రోగ్రాములు కుప్పకూలాయి. యాపిల్ సంస్థ ఆ నెలలోనే సవరణ విడుదల చేసింది. ప్రపంచ పత్రికలన్నీ తెలుగు అక్షరాన్ని గురించి రాసిన సందర్భం బహుశా అదొక్కటేనేమో! దుకాణానికి వెళ్ళినప్పుడు జ్ఞానం, స్త్రీ, లక్ష్మి, రాష్ట్రం అని నాలుగు మాటలు టైపు చేసి చూడమని నా సలహా. కీబోర్డు ఎలా ఉందో కూడా అప్పుడే తెలుస్తుంది. ఇన్‌స్క్రిప్టు అలవాటైనవారికి రెండు చోట్లా ఇబ్బంది లేదు. ఇంగ్లీషు ఉచ్చారణను బట్టి టైపు చేసేవారికి మాత్రం రెండు వ్యవస్థల అమరికలు ఒకటి కావు. వేళ్ళు మళ్ళీ నేర్చుకోవాలి.

ఇంట్లో పెద్దవాళ్ళ మాట కూడా అడగాలి. ఏడాదికి ఆరు నెలలు వచ్చి ఉండే అమ్మకో నాన్నకో మనవళ్ళు ఒకసారి నేర్పిన బొమ్మలూ బొత్తాలూ ఎక్కడున్నాయో చేతికి తెలుసు, మనసుకు కాదు. అవి మారితే వారు మళ్ళీ అడగడానికి మొహమాటపడి కంప్యూటరు జోలికి రావడం మానేస్తారు.

ధర విషయంలో ఒక్క మాట. ఇప్పటి మేకింటాష్ ల్యాప్‌టాపులలో మెమరీ తరువాత పెంచడానికి వీలు లేదు. విండోస్ ల్యాప్‌టాపులలో కొన్నింటికి వీలుంది, కొన్నింటికి లేదు. కాబట్టి కొనేనాడే 16 గిగాబైట్లకు తగ్గకుండా తీసుకోవడం మంచిది.

నా అభిప్రాయం ఇది. పని అంతా బ్రౌజరులో జరిగిపోయే కుటుంబం, ఇంట్లో అందరికీ ఐఫోన్లు ఉన్న కుటుంబం మేకింటాష్‌కు మారితే నష్టపోయేది లేదు. పాత తెలుగు ఫైళ్ళు, సంఘం లెక్కలు, చదువుకు కావలసిన విండోస్ ప్రోగ్రాములు ఉన్నవారు ఎక్స్86 విండోస్‌లోనే ఉండడం మేలు. మారక తప్పదనుకుంటే ముందు ఫైళ్ళను మార్చి, తరువాత యంత్రాన్ని మార్చాలి. పాత విండోస్ 10 యంత్రాన్ని పారవేయనవసరం లేదు. లినక్స్ వేసుకుంటే భద్రతా సవరణలు వస్తూనే ఉంటాయి, యూనికోడ్ తెలుగు కూడా చక్కగా కనిపిస్తుంది. కాని పాత ఫాంట్ల ఫైళ్ళు ఉన్నవారు దాని జోలికి పోకుండా, ఇంటర్నెట్ తీగ తీసివేసి, వైఫై ఆపివేసి, యంత్రాన్ని ఉన్నదున్నట్లుగా అలమరలో ఉంచుకోవాలి. ఆరు నెలలకొకసారి బ్యాటరీ సగానికి ఛార్జి చేస్తే చాలు. దాని ఛార్జరును కూడా దానితోనే కట్టి ఉంచండి. అటువంటి మొన గల ఛార్జరు మళ్ళీ వెతికితే దొరకదు.