గాలికి చల్లబడే పాత ఇంజన్‌కు ఏ ఆయిల్ పోయాలి?

మే నెలలో నిజామాబాద్ జిల్లాలో ఎండ 44, 45 డిగ్రీలకు చేరుతుంది. ఆ వేళ ముప్కాల్ నుంచి ఆర్మూర్ దాకా 44వ నంబరు జాతీయ రహదారి మీద పాత బుల్లెట్ నడిపే మనిషికి ఇంజన్ సెగ మోకాళ్లకు తగులుతూనే ఉంటుంది. పక్కనుంచి దూసుకుపోయే కారుకు రేడియేటరుంది, అందులో నీళ్లున్నాయి, ఫ్యానుంది. బుల్లెట్‌కు అవేవీ లేవు. సిలిండర్ చుట్టూ ఉన్న రెక్కలకు తగిలే గాలి, లోపల తిరిగే రెండు లీటర్ల ఆయిల్, ఈ రెండే దానికి దిక్కు. వచ్చే గాలే వడగాలైనప్పుడు ఆయిల్ మీద పడే బరువు ఇంకా పెరుగుతుంది. అందుకే ఇలాంటి బండికి ఏ ఆయిల్ పోయాలి, ఎప్పుడు మార్చాలి అన్న సంగతిని దుకాణదారుడి ఇష్టానికి వదిలేయకూడదు.

గాలికి చల్లబడే పాత కార్లంటే ప్రపంచమంతా ముందుగా తలచుకునేది ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌ని. 1938లో జర్మనీలో మొదలై, 2003 జూలైలో మెక్సికోలోని ప్యూబ్లాలో చివరి కారు బయటికి వచ్చేనాటికి 2 కోట్ల 15 లక్షలకు పైగా తయారైంది. మన వైపు అది అరుదు. మన ఊళ్లలో ఆ జాతి ఇంజన్ కనిపించేది ముఖ్యంగా రెండు చోట్ల. ఒకటి, 1955 నుంచి మద్రాసులో తయారైన పోత ఇనుము బుల్లెట్. రెండోది, ఒంటి సిలిండర్ పాత ఐషర్ ట్రాక్టర్. బీటిల్‌కు, ఐషర్‌కు గాలి ఊదే ఫ్యాన్ ఇంజన్‌తోనే తిరుగుతుంది కాబట్టి బండి నిలబడి ఉన్నా గాలి అందుతుంది. బుల్లెట్‌కు అదీ లేదు. అంగడి రోజు జనంలో ఇరుక్కుని ఇంజన్ ఆపకుండా నిలబడితే దానికి గాలి ఆడదు. అలాంటి చోట ఇంజన్ ఆపేయడం మంచిది.

ఆయిల్ అంటే జారుడు కోసమే అని చాలామంది అనుకుంటారు. అది సగం మాటే. పిస్టన్ అడుగున, వాల్వుల దగ్గర, బేరింగుల్లో పుట్టే వేడిని మోసుకొచ్చి ఆయిల్ ఉండే గది గోడలకు అందించేది ఆయిలే. మసిని, లోహపు పొడిని తనలో కలుపుకుని ఒకచోట పేరుకోకుండా చూసేదీ అదే. నీళ్ల ఇంజన్‌లో నీళ్లు వేడిని ఒక హద్దులో పట్టి ఉంచుతాయి. గాలి ఇంజన్‌లో ఆ హద్దు లేదు. ఆయిల్ 100 డిగ్రీలు దాటడం మామూలే, 120 దాటితే ఆలోచించాల్సిందే. ఆ పైన పెరిగే ప్రతి 10 డిగ్రీలకు ఆయిల్ చెడిపోయే వేగం దాదాపు రెట్టింపవుతుందని లెక్క.

ఇక డబ్బా మీది అంకెల సంగతి. బోధన్ వైపు బెల్లం వండినవాళ్లకు ఇది చిటికెలో అర్థమవుతుంది. పొయ్యి మీద పాకం నీళ్లలా జారుతుంది, చల్లారితే గరిటె కదలదు. ఆయిల్ గుణమూ అదే. 20డబ్ల్యూ-50 అనే ఆయిల్ 40 డిగ్రీల దగ్గర ఉన్న చిక్కదనంతో పోలిస్తే 100 డిగ్రీలకు వచ్చేసరికి దాదాపు ఎనిమిదో వంతుకు పలచబడుతుంది. డబ్ల్యూ పక్కనున్న మొదటి అంకె చలిలో ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. రెండో అంకె 100 డిగ్రీల వేడిలో ఎంత చిక్కదనం మిగులుతుందో చెబుతుంది. 50 నంబరు ఆయిల్‌కు ఆ వేడిలో 16.3 నుంచి 21.9 సెంటీస్టోకుల చిక్కదనం ఉండాలి. 30 నంబరుకైతే 9.3 నుంచి 12.5 చాలు. అంటే బాగా వేడెక్కిన ఇంజన్‌లో 50 నంబరు ఆయిల్ పొర 30 నంబరు పొర కంటే దాదాపు రెండింతలు చిక్కగా నిలుస్తుంది. పాత ఇంజన్లలో భాగాల మధ్య సందు ఎక్కువ. అక్కడ పలచని ఆయిల్ నిలవదు.

మొదటి అంకె గురించి మన జిల్లాలో పెద్దగా బెంగ అక్కర్లేదు. 20డబ్ల్యూ ఆయిల్‌ను సున్నాకు 15 డిగ్రీల కింది చలిలో పరీక్షిస్తారు. మన దగ్గర సంక్రాంతి చలి ఎంత కొరికినా ఆ ఛాయలకు కూడా పోదు. కాబట్టి 0డబ్ల్యూ, 5డబ్ల్యూ అని రాసిన ఖరీదైన డబ్బాలు ఇక్కడి పాత ఇంజన్‌కు అనవసరం. పోత ఇనుము బుల్లెట్‌కు 20డబ్ల్యూ-50, మంచి కంపెనీది, మామూలు మినరల్ ఆయిల్ చాలు. బీటిల్ పాత మాన్యువళ్లలో 30 నంబరు సింగిల్ గ్రేడ్ కనిపిస్తుంది. అది యూరప్ వాతావరణానికి రాసిన మాట. మన ఎండల్లో దానికి 20డబ్ల్యూ-40 గానీ 20డబ్ల్యూ-50 గానీ సరిపోతుంది.

"గట్టి ఆయిల్ పోస్తే ఇంజన్ గట్టిగుంటది" అనే మాట మెకానిక్ షెడ్లలో తరచూ వినిపిస్తుంది. అది నమ్మి 60 నంబరు దాకా పోయేవాళ్లున్నారు. అది తప్పు దారి. మరీ చిక్కటి ఆయిల్ పొద్దున కిక్ కొట్టగానే పైనున్న రాకర్ల దాకా చేరడానికి ఆలస్యమవుతుంది. ఇంజన్ ఎక్కువగా అరిగేది ఆ మొదటి క్షణాల్లోనే. పైగా చిక్కటి ఆయిల్ మెల్లగా తిరుగుతుంది, వేడినీ మెల్లగానే మోస్తుంది. బీటిల్‌లో అయితే ఇంకో చిక్కుంది. ఆయిల్ ఒత్తిడి హద్దు మీరితే లోపలి వాల్వు తెరుచుకుని ఆయిల్‌ను కూలర్‌కు పోనివ్వకుండా పక్కదారి పట్టిస్తుంది. చల్లబరచాల్సిన ఆయిల్ చల్లబడకుండానే తిరిగి ఇంజన్‌లోకి పోతుంది.

నంబరు తర్వాత చూడాల్సింది ఏపీఐ అక్షరాలు. ఎస్‌తో మొదలైతే పెట్రోలు ఇంజన్‌కు, సీతో మొదలైతే డీజిల్‌కు. కొత్త రకం ఆయిల్ పోస్తే ఇంజన్ అరిగిపోతుందని పాత ఇంజన్ యజమానుల్లో ఒక భయం ఉంది, అందులో నిజమూ ఉంది. బుల్లెట్, బీటిల్ ఇంజన్లలో క్యామ్ నేరుగా చదును ట్యాపెట్ మీద రుద్దుకుంటూ తిరుగుతుంది. ఆ రాపిడిని ఓర్చేది ఆయిల్‌లో కలిపే జింకు, ఫాస్ఫరసుల రసాయనం. కార్ల సైలెన్సర్లలో పెట్టే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను ఫాస్ఫరస్ పాడుచేస్తుందని 2004లో వచ్చిన ఎస్ఎం ప్రమాణంలో దాన్ని 0.08 శాతానికి తగ్గించారు. అయితే ఆ కోత వర్తించేది 5డబ్ల్యూ-30, 10డబ్ల్యూ-30 లాంటి పలచని ఆయిళ్లకే. 20డబ్ల్యూ-50కి ఆ హద్దు పెట్టలేదు. కాబట్టి సరైన నంబరు ఎంచుకుంటే ఆ భయం చాలావరకు తీరినట్టే. కొత్త కారుకు పోసి మిగిలిన పలచని ఆయిల్‌ను ఉంది కదా అని పాత బుల్లెట్‌లో పోస్తేనే ప్రమాదం.

ఇంట్లో ట్రాక్టర్ ఉన్నవాళ్లకు ఇంకో సందేహం వస్తుంది. ట్రాక్టర్ కోసం తెచ్చిన బకెట్‌లోంచి రెండు లీటర్లు తీసి బుల్లెట్‌కు పోయొచ్చా? బకెట్ మీద సీఐ-4 లాంటి డీజిల్ గుర్తుతోపాటు ఎస్ఎల్ లాంటి పెట్రోలు గుర్తు కూడా ఉంటే పోత ఇనుము బుల్లెట్‌లో తాత్కాలికంగా పోయొచ్చు. కానీ అది ఎక్కువగా 15డబ్ల్యూ-40 అయి ఉంటుంది. మండు వేసవిలో అది మన అవసరానికి కొంచెం తక్కువే. దాన్నే అలవాటు చేసుకోవద్దు. 2009 నుంచి వచ్చిన, ఇంజన్, గేరుబాక్సు ఒకే పెట్టెలో ఉన్న బుల్లెట్‌లో మాత్రం అసలు పోయవద్దు. అందులో క్లచ్ ప్లేట్లు అదే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. డబ్బా మీద జాసో ఎంఏ అని ఉన్న ఆయిలే దానికి పనికొస్తుంది, లేకపోతే క్లచ్ జారుతుంది. పోత ఇనుము బుల్లెట్‌లో గేరుబాక్సు వేరు, క్లచ్ ఉండే చైన్‌కేసు వేరు, వాటి ఆయిళ్లూ వేరు. ఇంజన్ ఆయిల్ మార్చి బండి పనంతా అయిపోయిందనుకోవద్దు.

సింథటిక్ ఆయిల్ వేడిని బాగా ఓర్చుకుంటుంది, ఆ మాట నిజం. అయినా పాత ఇంజన్‌కు దాన్ని నేను సిఫారసు చేయను. ఈ బండ్లకు ఫిల్టర్ ఏర్పాటు అంతంతమాత్రం. బీటిల్‌లో ఫిల్టరే లేదు, జల్లెడ ఒకటే ఉంటుంది. ఆయిల్ ఎంత మేలైనదైనా మసి, పొడి అందులోనే తిరుగుతాయి. వాటిని బయటికి పంపాలంటే ఆయిల్ మార్చడమొక్కటే దారి. బుల్లెట్‌కు 3,000 కిలోమీటర్లకు, బీటిల్‌కు 5,000 కిలోమీటర్లకు మార్చక తప్పనప్పుడు మూడింతల ధర పెట్టడం ఎందుకు? ఆ డబ్బుతో మినరల్ ఆయిల్ ఇంకోసారి ముందుగానే మార్చండి, ఇంజన్‌కు ఎక్కువ మేలు. బండి తిరగకపోయినా ఏడాదికి ఒకసారైనా మార్చాలి. దగ్గరి దూరాలకు మాత్రమే తిరిగే బండిలో ఆయిల్ సరిగా వేడెక్కదు, లోపల చెమ్మ, ఆమ్లాలు పేరుకుంటాయి.

బుల్లెట్‌కు ఆయిల్ మార్చడం ఇంటి దగ్గర చేసుకోదగ్గ పనే. బండిని ఐదారు కిలోమీటర్లు నడిపి తెచ్చి సెంటర్ స్టాండ్ వేయాలి. వేడి మీద మసి ఆయిల్‌లో కలిసి ఉంటుంది, ఆయిల్‌తోపాటు దిగిపోతుంది. చల్లారితే అడుగునే మిగులుతుంది. చేతులు కాలకుండా జాగ్రత్త. కింద వెడల్పు బేసిన్ పెట్టి, ఆయిల్ ఉండే గది బోల్టును, క్రాంక్ గది బోల్టును రెండింటినీ విప్పాలి. ఒక్కటే విప్పితే పాత ఆయిల్ కొంత లోపలే ఉండిపోతుంది. తొందరపడకుండా చివరి చుక్క దాకా కారనివ్వండి. ఈలోపు కుడివైపు టైమింగ్ కవర్‌లో ఉన్న ఫిల్టర్ తీయండి. స్ప్రింగు, వాషర్లు ఏ వరసలో వచ్చాయో ఆ వరసలోనే గుడ్డ మీద పేర్చి పెట్టుకోండి. తిరిగి బిగించేటప్పుడు వరస మారితే ఆయిల్ ఫిల్టర్‌లోకి పోకుండా తప్పుకుంటుంది. బోల్టుల వాషర్లు నలిగిపోయి ఉంటే కొత్తవి వేయండి. పానాకు పైపు తొడిగి బలమంతా పెట్టవద్దు. పాత అల్యూమినియం మరలు ఒక్కసారి చెడితే వాటిని బాగుచేయడానికి ఇంజన్ దించాల్సి రావచ్చు.

కొత్త ఆయిల్ సుమారు రెండు లీటర్లు పడుతుంది. గరాటుతో కొంచెం తక్కువగా పోసి, ఇంజన్ రెండు మూడు నిమిషాలు నడిపి, ఆపి, గేజ్ చూసి మిగతాది పోయాలి. పై గీత దాటించవద్దు, ఎక్కువైన ఆయిల్‌ను ఇంజన్ బ్రీదర్ గొట్టంలోంచి బయటికి కక్కుతుంది. ఇంజన్ నడుస్తుండగా రాకర్లకు పోయే సన్న పైపు బోల్టును పైన కాస్త వదులు చేసి చూడండి. అక్కడ ఆయిల్ ఊరుతుంటే పంపు పనిచేస్తోందని అర్థం. రాకపోతే వెంటనే ఇంజన్ ఆపాలి.

నెలల తరబడి నిలబెట్టిన బుల్లెట్‌లో గేజ్ ఆయిల్ తక్కువ చూపించడం మామూలు. ఆయిల్ ఎక్కడికీ పోలేదు. పంపు సందుల్లోంచి మెల్లగా క్రాంక్ గదిలోకి దిగి ఉంటుంది. అది తెలియక పైనుంచి ఇంకో లీటరు పోస్తారు. ముందు స్టార్ట్ చేసి కాసేపు నడిపి, ఆయిల్ తన గదికి తిరిగి వచ్చాక గేజ్ చూడాలి.

బీటిల్‌లో రెండున్నర లీటర్లు పడుతుంది. ఇంజన్ కింద ఆరు చిన్న నట్లతో బిగించిన గుండ్రటి ప్లేటు, దాని పైన జల్లెడ ఉంటాయి. ప్రతిసారీ జల్లెడ కడగాలి, జల్లెడ అంచుకు రెండు వైపులా కొత్త ప్యాకింగులు వేయాలి. ఆ ఆరు నట్లను చిన్న పానాతో, మణికట్టు బలంతోనే బిగించాలి. మరొక్క మాట. బీటిల్‌లో గాలి ఫ్యాన్ తిరిగేది డైనమో ఇరుసు మీదే. నడుస్తుండగా చార్జింగ్ ఎర్ర లైటు వెలిగిందంటే బెల్టు తెగి ఉండొచ్చు. బ్యాటరీ సంగతే కదా, ఇల్లు చేరాక చూద్దామనుకుంటే ఇంజన్ పట్టేస్తుంది. అక్కడికక్కడే ఆపాలి.

దిగిన ఆయిల్‌ను పారేసే ముందు వెలుతురులో చూడండి. డీజిల్ ఇంజన్‌లో కొత్త ఆయిల్ కూడా త్వరగానే నల్లబడుతుంది, దానికి కంగారు పడనక్కర్లేదు. ఇత్తడి రంగు మెరుపు రేకులు కనిపిస్తే బుష్ అరుగుతోంది. పెట్రోలు వాసన కొడితే కార్బురేటర్ సూది గానీ, బీటిల్‌లో పెట్రోలు పంపు పొర గానీ లీకవుతోంది. ఆ ఆయిల్ పలచబడి పనికిరాకుండా పోయింది కాబట్టి ముందు లీకు సరిచేయించి, తర్వాతే కొత్తది పోయాలి. ఆయిల్ పాలలా తెల్లగా మారితే నీళ్ల ఇంజన్‌లో గాస్కెట్ పోయిందంటారు. గాలి ఇంజన్‌లో నీళ్లే లేవు కాబట్టి అది చెమ్మ అయినా కావాలి, బండి కడిగిన నీళ్లయినా కావాలి. ఆయిల్ మార్చి బండిని దూరం తిప్పితే ఆ చెమ్మ పోతుంది.

ఎంత మంచి ఆయిల్ పోసినా రెక్కల మీద మట్టి పేరుకుంటే ఫలితం ఉండదు. లీకైన ఆయిల్‌కు దుమ్ము, మొక్కజొన్న పొట్టు, పసుపు పొడి అంటుకుని రెక్కల మధ్య గట్టిగా అట్టకడతాయి. పసుపు, మక్కల పనులు ముగిశాక ఐషర్‌కైనా బుల్లెట్‌కైనా కిరోసిన్, బ్రష్‌తో రెక్కలు శుభ్రం చేయించడం ఆయిల్ మార్చినంత ముఖ్యం. డబ్బా కొనేటప్పుడు సీలు చూసి, బిల్లు అడిగి తీసుకోండి. ఖాళీ అయిన డబ్బాకు మేకుతో చిల్లు పెట్టి పారేయండి. లేకపోతే అదే డబ్బాలో నకిలీ ఆయిల్ నింపి మళ్లీ మనకే అమ్ముతారు.

కాలిన ఆయిల్‌ను గుంజలకు పూయడం, చెదల మీద పోయడం, పశువుల పుండ్లకు రాయడం పల్లెల్లో పాత అలవాటు. వాడిన ఆయిల్‌లో క్యాన్సర్ కారకాలు ఉంటాయి. చట్ట ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం, అనుమతి ఉన్న రీసైక్లింగ్ కేంద్రాలకే చేరాలి. దాన్ని మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి, ఆయిల్ సేకరించే సర్వీస్ సెంటర్‌లో ఇచ్చేయండి. ముప్కాల్ పక్కనే వరద కాలువ ఉంది, ఊరి చుట్టూ బోర్లున్నాయి. దయచేసి ఒక్క చుక్క కూడా మోరీలో గానీ పొలం గట్టున గానీ పోయకండి.