ఉష్ణాఘాత మాంసకృత్తులు - ప్రేగు రాచపుండు

వ్యాధి యేదియో తెలిసిన పిమ్మట ఇంటివారు అడుగు మొదటి ప్రశ్న, “ఇది నయమగునా?” అనునది. మన ప్రాచీన వైద్యులు దీనిని సాధ్యాసాధ్య విచారమనిరి. వ్యాధి ముందు ముందు ఏ దారి పట్టునో తెలుపు గుర్తులను నేటి వైద్యశాస్త్రమున రోగగతి సూచికలు అనవచ్చును. పెద్దప్రేగునకు, పురీషనాళమునకు వచ్చు రాచపుండు, అనగా క్యాన్సరు విషయమున అట్టి సూచికలుగా పరిశోధింపబడుచున్నవానిలో ఉష్ణాఘాత మాంసకృత్తులు కొన్ని. ఆసుపత్రి కాగితములు ఇంగ్లీషున ఉండును. ఇంటిల్లిపాదియు కూర్చుండి ఆలోచించుకొనునది తెలుగున. కావున ఈ సంగతులను మన భాషలో తెలిసికొనుట అవసరము.

ఈ మాంసకృత్తుల చరిత్ర ఒక చిన్న ఈగతో ఆరంభమైనది. ఇటలీ దేశమందు ఫెరూచియో రిటోస్సా అను శాస్త్రజ్ఞుడు పండ్ల ఈగ పిల్లపురుగుల లాలాజలగ్రంథులను పరీక్షించుచుండగా, వానిని ఉంచిన పెట్టెలో వేడి పొరపాటున హెచ్చినది. అంతట ఆ కణములలోని క్రోమోసోములపై క్రొత్త చోట్ల ఉబ్బులు కానవచ్చినవి. ఆయన ఈ విషయమును 1962లో ప్రకటించెను. వేడి తగిలినంతనే కణము కొన్ని జన్యువులను మేల్కొల్పుచున్నదని దీని భావము. ఆ జన్యువుల మూలమున తయారగు మాంసకృత్తులను 1974లో ఆల్‌ఫ్రెడ్ టిస్సియేర్ మున్నగువారు గుర్తించిరి.

మాంసకృత్తు పొడవైన దారము వంటిది. అది తగిన రీతిని ముడుచుకొన్నగాని పనికి రాదు. వేడి, విషము, ప్రాణవాయువు కొరత ఆ ముడుపును చెరచును. గ్రుడ్డు ఉడికినప్పుడు తెల్లసొన గట్టిపడుట ఇందుకు నిదర్శనము. ఉష్ణాఘాత మాంసకృత్తులు చెడిన దారములను పట్టి మరల సరిగా ముడుచుకొనునట్లు చేయును; బాగుపడనివానిని నాశమునకు పంపును. వీనిని హెచ్.యస్.పి. 27, 60, 70, 90, 110 అని అణుభారమును వేలలో లెక్కించి పిలుచుదురు.

ఇంతటి రక్షకులు రాచపుండునకును రక్షకులగుటయే చిక్కు. వేగముగా పెరుగు పుండు కణములకు ప్రాణవాయువు చాలదు. వానిలో వికృత మాంసకృత్తులు హెచ్చు. అందుచే అవి ఈ రక్షకులను విరివిగా తయారు చేసికొనును. చెడిన కణము తనంతట తాను చచ్చుట దేహధర్మము. 27, 70 సంఖ్యలవి ఆ మరణమునకు అడ్డుపడును. పెక్కు ఔషధములు పనిచేయునది ఆ మరణమార్గముననే గదా! కావున ఇవి హెచ్చుగా నున్న పుండు మొండిది కావచ్చునని శాస్త్రజ్ఞులు తలచి, శస్త్రచికిత్సలో తీసిన ముక్కలకు రంగులద్ది పరీక్షించిరి. కొన్ని పరిశోధనలలో అట్లే తేలినది, కొన్నిట తేలలేదు. రంగు వేయు పద్ధతియు, ఎంత యున్నచో హెచ్చు అనవలెనన్న కొలతయు అందరికి ఒకటి కాకపోవుట ఇందుకొక కారణము.

110 విషయము విశేషమైనది. ఈ రాచపుండ్లలో నూటికి సుమారు 15 జన్యువుల ప్రతి తీయునప్పుడు దొర్లు తప్పులను దిద్దుకొనలేనివి. అట్టివానిలో హెచ్.యస్.పి. 110 యొక్క కుంటి రూపము పుట్టి అసలు దాని పనిని చెరచుననియు, అది హెచ్చుగా నున్నచో ఔషధములకు పుండు బాగుగా లొంగుననియు ఫ్రాన్సు దేశపు పరిశోధకులు 2011లో ప్రకటించిరి. రక్షకుడు కుంటుపడిన రోగికి మేలన్నమాట!

అయినను ఈ మాంసకృత్తుల పరీక్ష నిత్యచికిత్సలో ఇంకను చేరలేదు. నేడు వైద్యులు ముఖ్యముగా చూచునది పుండు ప్రేగుగోడలో ఎంత లోతు దిగినది, రసగ్రంథులకు ప్రాకినదా, దూరావయవములకు చేరినదా అనునదే. లండనులో కథ్‌బర్ట్ డ్యూక్స్ 1932లో చేసిన విభజనకును వీనిలో మొదటి రెండు ఆధారము. అమెరికా లెక్కలను బట్టి పుండు పుట్టినచోటనే యుండగా కనుగొన్నచో నూటికి సుమారు 90 మంది 5 సంవత్సరములు దాటి జీవించుచున్నారు. దూరావయవములకు ప్రాకిన పిమ్మటనైనచో సుమారు 15 మందియే. ఇవి పలువురిని కలిపి తీసిన లెక్కలు. ఒక్క మనిషి ఆయువును ఇవి నిర్ణయింపవు.

పైన చెప్పిన దిద్దుబాటు శక్తికి వేరే పరీక్ష కలదు. అది నేడు వాడుకలో నున్నది. ఆ లోపము కొన్ని కుటుంబములలో తల్లి నుండి గాని తండ్రి నుండి గాని బిడ్డలకు సంక్రమించును. కావున దాని ఫలితమును రోగి బిడ్డల మేలుకొరకు కూడ అడిగి తెలిసికొనవలెను.

తలిదండ్రులు గమనింపవలసినది ఒకటి. మలములో నెత్తురు, వారములతరబడి మారిన విరేచనపు అలవాటు, కారణము తెలియని రక్తహీనత, బరువు తగ్గుట కానవచ్చినచో మూలశంకయని సరిపెట్టుకొనక, సిగ్గుపడక వైద్యుని చూడవలెను. క్రొత్త సూచికలను శాస్త్రజ్ఞులు వెదకుచునే యుందురు. త్వరపడుట మాత్రము మన చేతిలో నున్నది.