తెరచిన ధమనీ నాళం (నెలలు నిండని శిశువులలో)

తెరచిన ధమనీ నాళం అనగా, గర్భస్థ శిశువులో పుపుస ధమనిని బృహద్ధమనితో కలిపే చిన్న రక్తనాళం జననానంతరం కూడా మూసుకొనకుండా ఉండిపోయే స్థితి. దీనిని ఆంగ్లంలో పేటెంట్ డక్టస్ ఆర్టీరియోసస్ అనీ, క్లుప్తంగా పీడీఏ అనీ అంటారు. ఇక్కడ పేటెంట్ అనే మాటకు తెరచి ఉన్నది అని మాత్రమే అర్థం. కనిపెట్టిన వస్తువులపై పొందే హక్కుతో దానికి సంబంధం లేదు. నెలలు నిండి పుట్టిన శిశువులో ఇది అరుదుగా కనిపించే జన్మజాత లోపం. 28 వారాలలోపే పుట్టిన శిశువులలో మాత్రం సర్వసాధారణం. కాబట్టి వీరి విషయంలో దీనిని గుండె నిర్మాణ లోపంగా కాక, ఇంకా పూర్తికాని ఒక సహజ పరిణామంగా గ్రహించడం సబబు.

నాళం పని, మూసుకొనే తీరు

గర్భంలో శిశువు ఊపిరితిత్తులు ద్రవంతో నిండి ఉంటాయి. ప్రాణవాయువు తల్లి నుండి మావి ద్వారా అందుతుంది. ఊపిరితిత్తులకు ఎక్కువ రక్తం పంపవలసిన అవసరం లేనందున, కుడి జఠరిక నుండి వెలువడే రక్తంలో అధికభాగం ధమనీ నాళం గుండా నేరుగా బృహద్ధమనిలోకి పోతుంది. రక్తంలో ప్రాణవాయువు తక్కువగా ఉండడం, మావి నుండి ప్రోస్టాగ్లాండిన్ ఇ2 అనే రసాయనం అందుతూ ఉండడం ఈ నాళాన్ని తెరచి ఉంచుతాయి.

శిశువు పుట్టి ఊపిరి పీల్చగానే ఈ రెండు పరిస్థితులూ మారిపోతాయి. రక్తంలో ప్రాణవాయువు పెరుగుతుంది. మావి సంబంధం తెగిపోతుంది. మిగిలిన ప్రోస్టాగ్లాండిన్లను ఊపిరితిత్తులు విచ్ఛిన్నం చేస్తాయి. అప్పుడు నాళపు గోడలోని కండరం ముడుచుకొంటుంది. నెలలు నిండిన శిశువులో సాధారణంగా మూడు రోజులలోపు రక్తప్రవాహం ఆగిపోతుంది. ముడుచుకొన్న గోడలోని కణాలకు ప్రాణవాయువు అందక, రెండు మూడు వారాలలో నాళం పీచువంటి తంతువుగా మారి శాశ్వతంగా మూసుకుపోతుంది.

నెలలు నిండని శిశువులో కండరం ఇంకా పరిపక్వం కాలేదు. ప్రాణవాయువుకు అది మందకొడిగా స్పందిస్తుంది, ప్రోస్టాగ్లాండిన్‌కు మాత్రం ఎక్కువగా లోబడుతుంది. అంతేగాక గోడ పలుచగా ఉండడం వలన, లోపల ప్రవహించే రక్తం నుండే దానికి ప్రాణవాయువు అందుతుంది. అందుచేత ఒకసారి ముడుచుకొన్న నాళం మరల తెరచుకొనడం కూడా కద్దు.

కలిగే ఇబ్బందులు

పుట్టిన తరువాత ఊపిరితిత్తులలోని రక్తపీడనం తగ్గుతుంది. అప్పుడు నాళంలో రక్తం గర్భంలో ప్రవహించిన దిశకు వ్యతిరేకంగా, బృహద్ధమని నుండి పుపుస ధమనిలోకి పారుతుంది. నాళం పెద్దదైతే ఊపిరితిత్తులలో రక్తం అధికమై అవి బరువెక్కుతాయి, గుండె ఎడమభాగంపై భారం పెరుగుతుంది. అదే సమయంలో ప్రేగులకు, మూత్రపిండాలకు చేరవలసిన రక్తం తగ్గుతుంది. కృత్రిమ శ్వాసయంత్రం నుండి శిశువును తప్పించడం కష్టం కావచ్చు. నాడి ఎగిరెగిరి కొట్టుకొంటుంది. గుండెలో మర్మర ధ్వని వినిపించవచ్చు. అయితే అది వినిపించనంత మాత్రాన నాళం మూసుకొన్నదని చెప్పలేము. అందుకే ప్రతిధ్వని పద్ధతిలో గుండెను చూపే ఎకోకార్డియోగ్రఫీతో నాళం వ్యాసాన్ని, ఎడమ కర్ణిక ఎంత ఉబ్బిందన్నదాన్ని కొలుస్తారు.

నాళం తెరచి ఉన్న శిశువులలో దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధి, ప్రేగులు కుళ్ళే వ్యాధి, మెదడులో రక్తస్రావం ఎక్కువగా కనిపిస్తాయి. అయితే ఈ వ్యాధులకు నాళమే కారణమా, లేక నాళమూ వ్యాధులూ అకాల జననమనే ఒకే మూలం నుండి పుట్టినవా? చికిత్సపై నడచిన వాదమంతా ఈ ప్రశ్న చుట్టూ తిరిగినదే.

చికిత్స చరిత్ర

1938 ఆగస్టులో అమెరికాలోని బోస్టన్ బాలల ఆసుపత్రిలో రాబర్ట్ గ్రాస్ ఏడేళ్ళ బాలికకు శస్త్రచికిత్స చేసి ధమనీ నాళాన్ని కట్టివేశాడు. ఆనాడు ఆయన ఇంకా శిక్షణలో ఉన్న యువ వైద్యుడు. శాఖాధిపతి విలియం లాడ్ సెలవులో ఉన్న సమయం చూసి ఈ సాహసానికి పూనుకొన్నాడు. బాలిక కోలుకొంది. జన్మజాత హృద్రోగాల శస్త్రచికిత్సకు ఇది నాందిగా పేర్కొనబడుతుంది. తరువాతి దశాబ్దాలలో ఇదే పద్ధతి అకాల జనన శిశువులకూ విస్తరించింది. కిలో బరువైనా లేని శిశువు రొమ్మును ఎడమవైపు తెరచి నాళాన్ని క్లిప్పుతో బిగించడం సామాన్యమైన పని కాదు. స్వరపేటికకు పోయే నరం దెబ్బతిని స్వరతంత్రి చచ్చుబడే ప్రమాదం కూడా ఉంది.

1976లో ఇండోమెథసిన్ అనే నొప్పినివారిణితో నాళాన్ని మూయవచ్చునని రెండు పరిశోధక బృందాలు ప్రకటించాయి. ఈ ఔషధం ప్రోస్టాగ్లాండిన్ల ఉత్పత్తిని అడ్డుకొంటుంది. కత్తి లేకుండా నాళం మూయగలగడం గొప్ప ముందడుగే. కానీ అవే ప్రోస్టాగ్లాండిన్లు మూత్రపిండాలలో, ప్రేగులలో రక్తప్రసరణను కాపాడుతూ ఉంటాయి. కాబట్టి మూత్రం తగ్గడం, ప్రేగుకు రంధ్రం పడడం వంటి దుష్ఫలితాలు కలుగవచ్చు. కార్టికోస్టెరాయిడ్లతో కలిపి ఇస్తే రంధ్రం పడే ప్రమాదం మరింత ఎక్కువ. తరువాత వచ్చిన ఇబుప్రోఫెన్ మూత్రపిండాలపై కొంత మృదువుగా పనిచేస్తుంది. 2011 నుండి, జ్వరానికి వాడే పారాసెటమాల్ కూడా ఈ పనికి ఉపయోగపడుతుందనే నివేదికలు వెలువడ్డాయి. చవకగా దొరికే మందు కావడం దాని ప్రత్యేకత.

నాళంలోకి సన్నని గొట్టం ద్వారా బిరడా వంటి సాధనాన్ని పంపి మూసే పద్ధతి పెద్దపిల్లలలో ముందునుండీ ఉంది. 700 గ్రాములు, ఆ పై బరువున్న శిశువులకు తగినంత చిన్నదైన పిక్కోలో అనే సాధనానికి 2019లో అమెరికా ప్రభుత్వ అనుమతి లభించింది. దీనివలన రొమ్ము తెరిచే అవసరం చాలావరకు తగ్గింది.

మూయాలా, వేచి చూడాలా?

మూయగలిగే మార్గాలు పెరిగిన కొద్దీ, మూయడం వలన శిశువుకు నిజంగా మేలు జరుగుతున్నదా అనే సందేహం బలపడింది. 2001లో ప్రచురితమైన ఒక పెద్ద పరీక్షలో, పుట్టగానే ముందుజాగ్రత్తగా ఇచ్చిన ఇండోమెథసిన్ నాళాన్ని మూసింది, తీవ్రమైన మెదడు రక్తస్రావాన్ని తగ్గించింది. అయినా పద్దెనిమిది నెలల వయసుకు నరాల లోపాలు లేకుండా బ్రతికిన వారి సంఖ్య పెరగలేదు. 2023లో వెలువడిన బెనెడక్టస్ పరీక్షలో 28 వారాలలోపు పుట్టిన 273 మంది శిశువులు పాల్గొన్నారు. తొలిదశలోనే ఇబుప్రోఫెన్ ఇవ్వడం కంటే వేచి చూడడం ఏవిధంగానూ నాసిరకం కాదని అందులో తేలింది. 2024లో ఫలితాలు వెలువడిన బ్రిటన్‌లోని బేబీ ఆస్కార్ పరీక్ష 653 మంది శిశువులపై జరిగింది. పెద్ద నాళాలున్న వారికి కూడా తొలిదశ ఇబుప్రోఫెన్ వలన మరణాలు గాని, శ్వాసకోశ వ్యాధి గాని తగ్గలేదు.

దీని అర్థం నాళం నిరపాయకరమని కాదు. వేచి చూడడమంటే ఊరక ఉండడమూ కాదు. శ్వాసయంత్రపు పీడనాన్ని సరిచూడడం, ద్రవాలను మితంగా ఇవ్వడం, ఎకో పరీక్షను మరల మరల చేయడం అందులో భాగాలే. పరీక్షలలో సరాసరి లెక్కలు తెలుస్తాయి గాని, ఎదుట ఉన్న ఒక్క శిశువు నాళం ఎప్పుడు మూసుకొంటుందో తెలియదు. రోజులు గడిచినా శ్వాసయంత్రం వీడలేని, గుండె బాగా ఉబ్బిన శిశువుకు మందు, గొట్టం పద్ధతి, శస్త్రచికిత్సలలో తగినది ఎంచుకొనవలసి ఉంటుంది.

ఎకో పరీక్షకు మరొక ప్రయోజనం ఉంది. కొన్ని జన్మజాత హృద్రోగాలలో ఊపిరితిత్తులకు గాని, శరీరానికి గాని రక్తం చేరే దారి ఈ నాళమే. అటువంటి శిశువులో నాళం మూసుకొంటే ప్రాణాపాయం. వారికి ప్రోస్టాగ్లాండిన్ ఇ1 ఎక్కించి నాళాన్ని తెరచి ఉంచుతారు. కాబట్టి మూసే మందు మొదలుపెట్టే ముందు గుండె నిర్మాణం సక్రమంగా ఉన్నదని నిర్ధారించుకొనడం తప్పనిసరి.

నాళం తెరచి ఉండగానే ఇంటికి వెళ్ళే శిశువులు కూడా ఉంటారు. వారిలో చాలామందికి తరువాతి నెలలలో అది దానంతట అదే మూసుకొంటుంది. అంతవరకు బరువు పెరుగుదలను గమనిస్తూ, గడువు ప్రకారం ఎకో చేయిస్తూ ఉండాలి. మూసుకొనకపోతే గొట్టం పద్ధతిలో మూయిస్తారు.