భాగ్యనగర స్మారకములు: శిల, కావ్యము, జనశ్రుతి

ఒక నగరమును చూడవచ్చినవారికి ఆ నగరము తన చరిత్రను మూడు నోళ్లతో చెప్పును. కట్టడములు, వానియందలి శాసనములు మొదటి నోరు. ఆ కాలముననే పుట్టిన గ్రంథములు, అందును ముఖ్యముగా కావ్యములు, రెండవది. తరతరములుగా జనుల నాలుకలపై నిలిచియున్న కథలు మూడవది. వీనిని మేము ఈ వ్యాసమున శిల, కావ్యము, జనశ్రుతి యని వ్యవహరింతుము. ఈ మూడును సాక్ష్యములే. కాని మూడింటి బలము సమానము కాదు. ఏది చెప్పిన మాట ఏదియో తెలియక మూడింటిని కలిపివేసినచో చూడవచ్చినవానికి మిగులునది వినోదమే గాని విజ్ఞానము కాదు. హైదరాబాదు నగరమందలి కొన్ని ప్రసిద్ధ స్థలములను గైకొని, ఒక్కొక్కచోట ఏ సాక్ష్యము ఎంతవఱకు నిలుచునో విచారించుట మా యుద్దేశము.

ఈ విచారమునకు మమ్ము ప్రేరేపించినది ఒక విద్యార్థి ప్రశ్న. ప్రతివర్షము ఎం.ఏ. విద్యార్థులను గోలకొండకును, మూసీతీరమునకును తీసికొనిపోవుట మాకు అలవాటు. ఒకమాఱు పురానాపూల్ వంతెనమీద నిలిచి, అందఱు చెప్పు కథనే మేమును చెప్పితిమి. యువరాజైన మహమ్మదు కులీ, నదికి ఆవలనున్న భాగమతిని చూచుటకై వఱదలో గుఱ్ఱమును దూకించెననియు, కుమారుని ప్రాణమునకు వెఱచి తండ్రి ఇబ్రహీం కుతుబ్‌షా ఆ వంతెనను కట్టించెననియు ఆ కథ. విద్యార్థులు ఆసక్తితో వినిరి. అందొకడు మాత్రము, "వంతెన 1578లో కట్టబడినదని ఇప్పుడే సెలవిచ్చితిరి. మహమ్మదు కులీ 1565 ప్రాంతమున పుట్టినాడని తరగతిలో చెప్పితిరి. అప్పటికి ఆయనకు పదమూడేండ్లు గదా అయ్యా!" అని యడిగెను. మాకు వెంటనే సమాధానము తోపలేదు. రెండు సంవత్సరములను మేమే చెప్పియుండియు వానిని ప్రక్కప్రక్కన పెట్టి చూడమైతిమి. ఆ లోపము మాది. ఆనాటి సిగ్గే ఈ వ్యాసమునకు బీజము.

పురానాపూల్ విషయమున శిల చెప్పు మాట సూటియైనది. గోలకొండ దుర్గము మూసీకి ఉత్తరమున నున్నది. తూర్పుతీరమందలి మచిలీపట్టణపు రేవునకు పోవు బాట నదికి దక్షిణమున సాగును. వజ్రములకును, వస్త్రములకును పేరొందిన రాజ్యమునకు రేవుతో సంబంధము ప్రాణాధారము. వానకాలమున నది పొంగి బాట తెగిపోకుండుటకు వంతెన కావలెను. వంతెన ఏర్పడినది గనుకనే పదమూడేండ్లకు, అనగా 1591లో, ఆవలి గట్టున క్రొత్త నగరమును వేయుట సుకరమైనది. 17వ శతాబ్దమున ఈ దేశమును తిరిగిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఈ వంతెనను పారిస్ నగరపు వంతెనతో పోల్చి మెచ్చుకొనెను. ఒక రాచకొడుకు వలపుకంటె ఒక రాజ్యపు వర్తకమే ఈ వంతెనకు కారణమనుట యుక్తము. ఇట్లు చెప్పినంతమాత్రమున కట్టడపు గౌరవము తగ్గదు. వానకు వెఱవక సరకు నడిపించిన వంతెన తక్కువ గొప్పదా?

ఇచ్చటినుండి నగర నామము ప్రసక్తమగుచున్నది. భాగ్‌నగర మను పేరు ఆ కాలమున నిజముగా వాడుకలో నుండెను. అక్బరు ఆస్థానకవి ఫైజీ దక్కనునుండి పంపిన నివేదికలోను, బీజాపురమున గ్రంథరచన చేసిన ఫెరిష్టా చరిత్రలోను ఆ పేరును, దానితోపాటు భాగమతి ప్రసక్తియు గలవు. వీరు సమకాలికులు గనుక వీరి మాటను త్రోసివేయరాదు. అయినను ఇరువురును గోలకొండకు వెలుపలివారు. కుతుబ్‌షాహీ ఆస్థానముననే 1617 ప్రాంతమున వ్రాయబడిన పారసీక చరిత్రలో భాగమతి పేరు లేదు. ఆమె పేర శాసనము లేదు, నాణెము లేదు, రాజకుటుంబపు సమాధులలో ఆమెదని చెప్పదగిన సమాధి లేదు. ఆచార్య హరూన్ ఖాన్ షేర్వానీ ఈ ఆధారములనెల్ల పరిశీలించి, భాగమతి వృత్తాంతము కల్పనయని నిర్ణయించెను. భాగ్‌నగరమనగా తోటల నగరమని, 'బాగ్' అను పారసీకపదమునుండి వ్యుత్పత్తి చెప్పువారును గలరు. తెలుగువారు దీనిని సంస్కృతీకరించి భాగ్యనగరమనిరి.

ఈ ప్రశ్న పండితుల గదులలో ముగియునది కాదు. నగరపు పేరును గూర్చి నేటికిని వీథులలో వాదములు జరుగుచున్నవి. ఒక పక్షమువారికి ఒక పేరు, మఱియొక పక్షమువారికి మఱియొక పేరు జెండాలైనవి. అట్టి సమయమున భాషాశాఖలు చేయవలసిన పని, తెలిసినదానిని తెలిసినంతవఱకే చెప్పుట. భాగ్‌నగరమను పేరు ప్రాచీనమనుట ఋజువైనది. భాగమతి కథ ఋజువు కాలేదు. భాగ్యనగరమను రూపము తెలుగువారి వాడుకలో నిలిచినది. హైదరాబాదు అను పేరు రాజముద్రను పొందినది. ఈ నాలుగు వాక్యములలో ఏ యొక్కటియు తక్కిన మూడింటికి శత్రువు కాదు.

చార్మినారు ఆ క్రొత్త నగరమునకు నడిబొడ్డు. హిజరీ శకమున వేయవ సంవత్సరమునకు సరియగు 1591లో ఇది వెలసెను. చతురస్రాకారమైన ఈ కట్టడమునకు ఒక్కొక్క ప్రక్క 20 మీటర్లు. పై యంతస్తున మసీదు కలదు. నాలుగు వైపుల కమానులు నాలుగు రాజవీథులకు ఎదురుగా తెఱచియుండును. ఉత్తరమున చార్‌కమాన్, దాని నడుమ గుల్జార్‌హౌజ్ అను నీటితొట్టి. దక్షిణమున 1617లో మహమ్మదు కుతుబ్‌షా ఆరంభింపగా ఔరంగజేబు కాలమున 1694లో ముగిసిన మక్కామసీదు. మహమ్మారి శాంతించినందుకు గుర్తుగా చార్మినారు కట్టబడెనని జనశ్రుతి. దాని క్రిందినుండి గోలకొండకు సొరంగము కలదని మఱియొక జనశ్రుతి. చూడవచ్చినవారు ఈ రెంటిని విని, ఫొటోలు తీసికొని, గాజులబజారునకు పోవుదురు. కాని అచ్చట నిజముగా చూడదగినది వీథుల కూడలి. నాలుగు వీథులు, నాలుగు కమానులు, వానిని కలుపు నీటితొట్టి, మసీదు, బజారు: ఈ కూర్పునే చార్మినారు ప్రకటించుచున్నది. దానిని ఒంటరి గోపురముగా చూచినవాడు వాక్యమును విడిచి ఒక పదమును మాత్రము చదివినవాడగును.

ఇంతవఱకు జనశ్రుతి శిలను మించి పలికిన స్థలములను చూచితిమి. ఇక కావ్యము పలుకుచున్నను ఎవ్వరును వినని స్థలమొకటి కలదు. గోలకొండకు చేరువనున్న కుతుబ్‌షాహీ సమాధులలో ఇబ్రహీం కుతుబ్‌షా సమాధి యొకటి. ఈయన అన్నయగు జంషీదునకు వెఱచి 1543 మొదలు 1550 వఱకు విజయనగరమున అళియ రామరాయల అండనుండెను. ఆ ఏడేండ్ల వాసమున తెలుగుభాష ఆయనకు సన్నిహితమైనది. సింహాసనమెక్కిన పిదప తెలుగు కవులను ఆదరించెను. వారు ఆయనను మల్కిభరాముడని తెలుగు నుడికారమున మలచుకొనిరి. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకే యంకితమిచ్చెను. ఆయన యధికారియగు అమీనుఖానునకు పొన్నెగంటి తెలగనార్యుడు యయాతిచరిత్రమును అంకితమిచ్చెను. అచ్చతెనుగు కావ్యములలో అదియే మొదటిది. అమీనుఖానుని నెలవు పొట్లచెఱువు, అనగా నేటి పటాన్‌చెరు. నేడు కర్మాగారములకు పేరొందిన ఆ యూరు, సంస్కృతపదము లేని తెలుగు కావ్యమునకు పుట్టినిల్లని దానిగుండ సాగు వాహనములలోని వారెందఱికి తెలియును?

ఇచ్చట కావ్యమును గూర్చి ఒక హెచ్చరిక యావశ్యకము. కృతిపతిని కవి పొగడుట సంప్రదాయము. ఆ పొగడ్తలనెల్ల చరిత్రగా గ్రహింపరాదు. ఏ రామరాయలు తనకు ఆశ్రయమిచ్చెనో ఆ రామరాయలపై 1565లో ఇతర సుల్తానులతో గూడి యుద్ధమునకు నడచినవాడును ఈ ఇబ్రహీమే. కావ్యము ఆయన రసికతకు సాక్షి. రాజనీతికి చరిత్ర సాక్షి. రెండును ఒక్క మనుజునివే. ఆయనను తెలుగు భోజుడని పొగడి యూరకుండుటయు, విశ్వాసఘాతకుడని తిట్టి యూరకుండుటయు సగము చదువులే. సమాధివద్ద నిలిచినపుడు ఈ రెండు ముఖములును తలపునకు వచ్చుటయే సరియైన దర్శనము. ఈ సమాధుల ప్రాంగణమున ఆగాఖాన్ సంస్కృతి న్యాసము 2013లో చేపట్టిన జీర్ణోద్ధరణము 2024లో ముగిసినది. అందలి దిగుడుబావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో పురస్కారము లభించినది. రాళ్లు బాగుపడినవి. ఆ రాళ్ల క్రింద నిదురించువానికి ఒక తెలుగు కావ్యమంకితమైనదని చెప్పు బాధ్యత మనది.

మూడు సాక్ష్యములును ఒక్కచోట కలియు స్థలము గోలకొండ దుర్గము. కాకతీయుల కాలపు మట్టికోట యిది. 1364లో కాపయనాయకునినుండి బహమనీ సుల్తానులకు సంక్రమించెను. కుతుబ్‌షాహీలకు రాజధానియై ఎనిమిదినెలల ముట్టడికి తాళి 1687లో ఔరంగజేబునకు చిక్కెను. బాలాహిస్సారు ద్వారమున చప్పట్లు చఱచి పైన వినుటకై జనులు గుమిగూడుదురు. ఆంధ్రుల హృదయము మాత్రము రామదాసు చెఱసాలవైపునకే పోవును. కంచెర్ల గోపన్న భద్రాచలమున ఆలయమునకై ప్రభుత్వధనమును వెచ్చించి, తానీషాచే బంధింపబడి, పండ్రెండేండ్లు ఆ చీకటిలో గడపెనని ప్రసిద్ధి. గోడపై నున్న విగ్రహములను ఆయనయే చెక్కెనందురు.

దీనిని సాక్ష్యక్రమమున చూతము. బంధనపు బాధ గోపన్న కీర్తనలలోనే వినబడుచున్నది. కనుక ఇచ్చట కవివాక్యమే మొదటి యాధారము. తానీషా ఏలుబడి 1672 మొదలు 1687 వఱకు పదునైదేండ్లు. పండ్రెండేండ్ల చెఱ దానిలో ఇముడును. ఇముడుట వేఱు, ఋజువగుట వేఱు. ఆ గదియే యీ గది యనుటకును, ఆ విగ్రహములు ఆయన చేతివే యనుటకును జనశ్రుతియే దిక్కు. రామలక్ష్మణులు సేవకుల రూపమున వచ్చి పైకము చెల్లించిరనుట భక్తుల విశ్వాసము. దానిని చరిత్ర త్రాసున తూచుట యనుచితము. ఇట్లు వేఱుచేసి చెప్పినచో భక్తునకు లోటులేదు, పరిశోధకునకు లోటులేదు. గోపన్న మేనమామలని చెప్పబడు అక్కన్న మాదన్నలు తానీషాకడ ఉన్నతాధికారులై 1686లో హతులైరి. ఆ మఱుసటి యేడు కోట పడెను. రాజ్యము పోయిన తానీషా దౌలతాబాదున బందీగా మరణించెను. పూర్వుల సమాధుల నడుమ ఆయనకు చోటు దక్కలేదు. బంధించినవాడును తుదకు బందీయే యయ్యెను. ఈ మాటను జనశ్రుతి కాక చరిత్రయే చెప్పుచున్నది.

రాయియు కాక, కావ్యమును కాక, ఒక చెట్టు సాక్షిగా నిలిచిన చోటును విడువరాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలకొలది జనులను పొట్టపెట్టుకొనెను. అఫ్జల్‌గంజిలో ఒక చింతచెట్టునెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆ చెట్టు ఉస్మానియా వైద్యశాల ఆవరణమున నేటికిని కలదు. ఆ వఱద ఫలితముగనే విశ్వేశ్వరయ్యగారి సలహాతో ఎగువన 1920లో ఉస్మాన్‌సాగరము, 1927లో హిమాయత్‌సాగరము వెలసినవి. సెలవుదినమున ఆ గట్టులపై షికారు చేయువారు, అవి వినోదమునకు కాక విషాదమువలన పుట్టినవని తెలిసికొనిన యెడల, నది గర్భమున ఇండ్లు కట్టుటకు ముందు ఒక్కక్షణము ఆలోచింతురేమో!

ఇట్టిదే సుల్తాన్‌బజారు. కోఠిలోని రెసిడెన్సీ భవనమును, ఉన్నతమైన దాని స్తంభములను, కర్క్‌పాట్రిక్ ఖైరున్నీసాల ప్రణయకథను చూచి విని పోవువారు, దానికి సమీపమున 1901లో స్థాపితమైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమునకు తిరిగి చూడరు. తెలుగునకు ప్రభుత్వాదరము కఱవైన ఆ దినములలో కొమఱ్ఱాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, నాయని వేంకటరంగారావు మొదలగువారు నెలకొల్పిన గ్రంథాలయమిది. దానికి మీనారులు లేవు. అయినను తెలంగాణమున తెలుగు చదువునకు అది చేసిన మేలు తలంచినచో దానిని నగర స్మారకములలో చేర్చక తప్పదు.

ఇంతవఱకు చెప్పినదాని సారాంశమిది. శిల కాలమును చెప్పును. కావ్యము హృదయమును చెప్పును. జనశ్రుతి, జనులు దేనిని మఱువనొల్లరో దానిని చెప్పును. జనశ్రుతిని వెలివేయుమని మేము కోరుట లేదు. దానిని దాని పేరుతో పిలువుడని మాత్రము కోరుచున్నాము. 'ఇట్లు జరిగినది' అనుటకును 'ఇట్లు చెప్పుకొందురు' అనుటకును గల భేదము మిక్కిలి చిన్నది. కాని పరిశోధనమంతయు ఆ భేదముననే యున్నది. తెలుగు శాఖల విద్యార్థులు ఏటేట ఒక్కొక్క స్థలమును గైకొని, అచ్చటి మూడు సాక్ష్యములను వేర్వేఱుగ వ్రాసి భద్రపఱచినచో, కొలదికాలమునకే మన నగరమునకు నమ్మదగిన తెలుగు దర్శిని యొకటి సిద్ధమగును.

మేము నేటికిని విద్యార్థులను పురానాపూల్ మీదికి తీసికొనిపోవుచున్నాము. గుఱ్ఱపు కథను నేటికిని చెప్పుచున్నాము. అది మంచి కథ. చెప్పి ముగించిన పిదప, 1565, 1578 అను రెండు సంఖ్యలను వ్రాసికొనుడని చెప్పి కొంతసేపు ఊరకుందుము. ఏ యేడు ఎవరు ముందుగా తలయెత్తి చూతురో అని ఎదురుచూచుటయే ఇప్పుడు మాకు ఆ వంతెనపై కలుగు ఆనందము.