నాడె ఉందా, అమ్మిణీ?

కోయంబత్తూరులో ఉక్కడం దగ్గర ఒక పాత సామాన్ల కొట్టు. కాళ్లు ఊడిన మంచానికీ, అరిగిన గ్రైండరు రాయికీ మధ్య సింగర్ కుట్టు మిషను కనబడింది. నల్లటి ఒంటి మీద బంగారు తీగలు సగం చెరిగిపోయాయి. చక్రం తిప్పబోతే బిగుసుకుపోయింది. కొట్టాయన ఆరు వేలన్నాడు. దండం పెట్టి వచ్చేసేదాన్నే. ఊరుకోక సొరుగు లాగాను.

లోపల నాలుగు మడతల కాగితం. ఎవరి రవికవో కొలతలు. అక్షరాలు తమిళం, మాటలు తెలుగు: రవిక, నడుము, చేయి పొడుగు. మా ఇళ్లలో ఇది మామూలే. విశ్వనాథ నాయకుడు మదురై గద్దె ఎక్కింది 1529లో. నాయకుల కాలంలో ఈ దక్షిణాదికి వచ్చి స్థిరపడిన కుటుంబాలెన్నో ఇప్పటికీ ఇంట్లో తెలుగే మాట్లాడతాయి. బడి చదువు తమిళం కాబట్టి రాత మాత్రం తమిళంలోనే. ఈ కాగితం రాసిన ఇల్లాలు చివర్లో ‘గుండీ 6’ అని రాసుకుంది. తమిళ లిపిలో గకారానికీ కకారానికీ ఒకటే అక్షరం. అందుకని అది ‘కుండి’ అయి కూర్చుంది. తమిళంలో ఆ మాటకు పిరుదులని అర్థం. కొట్టాయన చదివి పడీపడీ నవ్వాడు, నేనూ నవ్వాను. బేరానికి వెళ్లినదాన్ని నవ్వకుండా ఉండాల్సింది. ఆ మిషను నాకు నచ్చిందని ఆయనకు తెలిసిపోయింది.

ఐదొందలు బయానా ఇచ్చి, పని చేయకపోతే తిరిగిచ్చే షరతు మీద, స్టాండు అక్కడే ఉంచి మిషను తల మాత్రం ఆటోలో వేసుకుని మా వీధి మెకానిక్ దగ్గరికి బయల్దేరాను. ఒళ్లో పెట్టుకున్న పోత ఇనుము బరువు తొడలకు తెలుస్తూనే ఉంది.

దారి పొడుగునా నాకు జి.డి.నాయుడే గుర్తొస్తున్నాడు. 1893లో ఈ ఊరి పక్క కలంగల్‌లో పుట్టిన ఆ తెలుగాయన, కుర్రతనంలో ఒక తెల్లదొర దగ్గర రడ్జ్ మోటారుసైకిల్ చూసి మనసు పారేసుకుని, హోటల్లో పనిచేసి డబ్బు కూడబెట్టి దాన్ని కొన్నాడు. కొని ఊరేగలేదు, విప్పి మళ్లీ బిగించాడు. 1937లో దేశంలోనే తొలి విద్యుత్ మోటారు తయారైంది ఆయన చొరవతోనే. మా వాళ్లలో తుక్కు కొని ఇంటికి తెచ్చేవాళ్లందరికీ ఆయనే సాక్షి. విప్పడం దాకా అందరం జి.డి.నాయుడులమే. బిగించే దగ్గరే తేడా వస్తుంది.

మెకానిక్‌ది నేతపని వాళ్ల ఇల్లు. తలను బల్ల మీద పెట్టగానే ఆయన బంగారు తీగలు చూడలేదు, పేరూ చూడలేదు. సూది కిందున్న రేకు పక్కకు జరిపి, లోపల వేలు పెట్టి, “నాడె ఉందా, అమ్మిణీ?” అన్నాడు. లేదు. ఖాళీ.

దర్జీలు షటిల్ అనేదాన్ని ఆయన నాడె అంటాడు. మగ్గం మీద పేకనూలు మోసుకుపోయే నాడె ఎలా ఉంటుందో ఈ మిషనులోదీ అచ్చం అలాగే, చిన్న పడవలా ఉంటుంది. ఇది 28కె రకం. కె అంటే కిల్‌బోవీ. అక్కడే, స్కాట్లాండులోని క్లైడ్‌బ్యాంక్‌లో, సింగర్ వాళ్ల పెద్ద ఫ్యాక్టరీ ఉండేది, 1980లో మూతపడింది. సూది కిందికి దిగి కాస్త పైకి లేచేటప్పుడు దారం చిన్న ఉచ్చులా విచ్చుకుంటుంది. నాడె మొన ఆ ఉచ్చులోంచి దూరి, తనలోని దారాన్ని అవతలికి లాక్కుపోతుంది. అదే కుట్టు. నాడె లేకపోతే ఇంత ఇనుమూ సూదితో బట్టకు బెజ్జాలు పొడవడానికే.

సింగర్‌లోనే 15 రకానికి గుండ్రటి బాబిన్. మన ఉషా లాంటి మామూలు మిషన్లు ఆ నమూనావే కనుక దాని బాబిన్, కేస్, సూది ఏ దుకాణంలో అడిగినా ఇస్తారు. పొడుగు నాడెకు ఆ సుఖం లేదు. పాత మిషను కొనేముందు సొరుగు కంటే ముందు ఇది చూసుకోవాలని నాకు తెలియదు.

నిజానికి తెలిసి ఉండాల్సింది. మదురైలో మా అమ్మమ్మ ఇంటికి వెళ్లినప్పుడల్లా మీనాక్షి గుడి తూర్పు గోపురం ఎదురుగా పుదు మండపంలో దర్జీలను చూస్తూ పెరిగాను. తిరుమల నాయకుడు కట్టించిన వసంత మండపం అది. స్తంభాల మీద నాయక రాజుల నిలువెత్తు విగ్రహాలు, వాటి పాదాల దగ్గర వరుసగా మిషన్లు. ఇప్పుడా కొట్లన్నీ కున్నత్తూరు సత్రానికి మారాయి. ఒకాయన బాబిన్ అయిపోతే పక్క స్తంభం ఆయన దగ్గర అడిగి పెట్టుకునేవాడు. అన్నీ ఒకే రకం కాబట్టి సరిపోయింది.

ఆ ఊళ్లోనే, పడమటి మాసి వీధి ఇంట్లో, 1921 సెప్టెంబరు 22న గాంధీ చొక్కా టోపీ వదిలేసి కొల్లాయికి మారాడు. కుట్టిన బట్ట వదిలిన ఆ మనిషే మూడేళ్లకు, యంత్రాల మీద మాట వచ్చినప్పుడు, సింగర్ కుట్టు మిషనుకు మాత్రం మినహాయింపు ఇచ్చాడు. నాడె పోయిందాని గురించి ఆయన్ను ఎవరూ అడిగినట్టు లేదు.

నాడె సంగతి పక్కన పెట్టి మెకానిక్ ముందు పోతలో పగుళ్లు వెతికాడు. పగులుంటే ఊరికే ఇచ్చినా వద్దన్నాడు. సూది కడ్డీని పట్టుకుని అటూ ఇటూ ఊపాడు, వదులు లేదు. గుడ్డను నెట్టే పళ్ల మీద గోరు గీశాడు, గరగరమంది. బంగారు తీగలు చెరిగాయని నేను మొహం చిన్నబుచ్చుకుంటే, “బాగా కుట్టిన మిషను ఇది. తీగలు అట్లే ఉండి చక్రం బిగుసుకుంటే అప్పుడు భయపడాల” అన్నాడు. బిగుసుకుంది తుప్పు పట్టి కాదట, పాత నూనె బంకయి. కీళ్లన్నిటిలో కిరసనాయిలు చుక్కలు వేసి, బలవంతంగా తిప్పొద్దని చెప్పి పంపేశాడు.

మర్నాడు చక్రం నూనెలో వేలు తిప్పినట్టు తిరిగింది. ఆయన బల్ల కింద నుంచి బిస్కెట్ల డబ్బా తీశాడు. నిండా విప్పేసిన మిషన్ల ముక్కలు. మొదటి నాడె తొట్టిలో కూర్చోలేదు. రెండోది కూర్చుంది గానీ మొన అరిగి ఉచ్చును వదిలేసింది, నాలుగు కుట్లకు ఒకటి ఎగిరిపోయింది. మూడోది పెట్టి, పైదారం ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చేత్తో చక్రం మెల్లగా ఒక చుట్టు తిప్పాడు. సూది దిగింది, లేచింది. పైదారం లాగితే, రేకు బెజ్జంలోంచి కింది దారం తెల్లగా పైకొచ్చింది.

“ఇప్పుడు పోయి బేరం చెయ్యి” అన్నాడు డబ్బా మూస్తూ. “చక్రం తిరుగుతాదని మాత్రం ఆయనకు చెప్పబాకు.”